తెర మీద నల్లకోటు

నేను ఒక కోటును. రంగు సంగతి కాసేపాగి చెబుతాను. నా బేరం చెడిందీ అక్కడే, చివరికి కుదిరిందీ అక్కడే.

నన్ను కుట్టినవాడు ఖాసిం. మద్రాసులో ఒక స్టూడియో వెనక రేకుల షెడ్డులో ఉండేది ఆయన మిషను. నలుపూ తెలుపూ సినిమాల కాలం. డిటెక్టివ్ గరుడాచలం నవలలు రైలెక్కే ప్రతివాడి చేతిలోనూ నలుగుతున్న రోజులు. వాటిలో ఒకదాన్ని సినిమా తీస్తూ హీరోకి నల్లకోటు కావాలన్నారు. కెమెరామన్ ఒప్పుకోలేదు. నలుపైతే తెర మీద బొగ్గుల బస్తాలా ఉంటుంది, ఒక్క మడతా కనపడదు, ముదురు మెరూన్ గుడ్డ తెండి, చూసేవాళ్ళకి నల్లగానే ఉంటుంది అన్నాడు. అలా నేను ఆరు గుండీలతో, మోకాళ్ళు దాటే పొడుగుతో, మెరూన్ రంగులో పుట్టాను.

నన్ను తొడుక్కున్నవాడు మార్కండేయరావు. అంతకుముందు పదకొండు సినిమాల్లో ఆయన నారదుడు. నవలలో గరుడాచలం పొట్టివాడు, బట్టతలవాడు. ఈయనేమో ఆరడుగుల మనిషి, తలనిండా ఉంగరాల జుట్టు. సినిమా వచ్చిన వారం జనం, నారదుడికి కోటు తొడిగారు, జేబులో చిడతలున్నాయేమో చూడండి అని నవ్వారు. పాతికేళ్ళ తర్వాత అదే కథని రంగుల్లో తీసి శశికిరణ్‌ని పెడితే, మార్కండేయరావు కాలిగోటికి చాలడన్నవీ ఆ నోళ్ళే. ఇప్పుడు మూడోసారి తీస్తుంటే ఆ శశికిరణ్‌ని తలుచుకుని నిట్టూరుస్తున్నారు. సరుకు కొత్తగా ఉన్నప్పుడు వంక పెట్టి, చివికిపోయాక ఎగబడేవాడు లోకంలో సినిమా ప్రేక్షకుడొక్కడే. అతన్ని నమ్ముకుని బట్టల కొట్టు పెట్టకూడదు.

మొదటి సినిమా టైటిల్స్‌లో మేకప్ చేసినవాడి పేరు పడింది, స్టిల్స్ తీసినవాడి పేరు పడింది. ఖాసిం పేరు పడలేదు. ఆయన అడగనూ లేదు. స్టూడియో మూతపడ్డాక నన్ను చంకన పెట్టుకుని విజయవాడ వచ్చి, గాంధీనగరంలో డ్రామా డ్రస్సుల కంపెనీ తెరిచాడు. పోయేముందు కొడుకు మీరావలితో అన్నది ఒక్కటే: "తెర కాడ నా పేరు ఒక్కసారి చూసుకునుంటే బాగుండేదిరా."

ఆ మాట మీరావలి మర్చిపోలేదు. కృష్ణుడి కిరీటాలకీ భీముడి గదకీ మధ్య నన్ను గుడ్డ సంచీలో వేలాడదీసి, ఎవరికీ అద్దెకివ్వకుండా దాచాడు.

ఆ కొట్టుకి రోజూ మధ్యాహ్నం పానకాలు వచ్చేవాడు. పక్క వీధిలోని థియేటరులో ముప్పై ఏళ్ళు ప్రొజెక్టరు నడిపి రిటైరైన మనిషి. గరుడాచలం సినిమాని మళ్ళీ తీస్తున్నారనీ, నిహాల్ అనే కుర్ర హీరో వేస్తున్నాడనీ తెలిసినప్పటి నుంచీ ఆయనకి అన్నం సయించలేదు. ఆ పిల్లాడు హంతకుణ్ణి పట్టుకోవడం సరే, ముందు చూపు అద్దం మీద నుంచి పక్కకి తిప్పమను అనేవాడు. కథ ఒకటే గదా బాబాయ్, ఎవడో ఒకడు వెయ్యాలిగా అని మీరావలి సర్దిచెబితే, రాముడి కథా ఒకటే, రాముడు ఒక్కడే అని కొట్టిపారేసేవాడు. ఆయన తిట్లన్నీ సంచీలోంచి విన్నాను. నారదుడికి జనం పెట్టిన వంకలకీ వీటికీ పేర్లు తప్ప తేడా లేదు.

ఒకరోజు ఆ సినిమా దర్శకుడే కొట్టుకి వచ్చాడు. పాతికేళ్ళ కుర్రాడు. అసలు కోటు ఇక్కడుందని ఎవరో చెప్పారట. మీరావలి ఒకే ఒక షరతు పెట్టాడు: కోటు వాడుకోండి, టైటిల్స్‌లో మా నాన్న పేరు వెయ్యండి. అసలు కోటే అయితే మొదట్లోనే వేస్తానని దర్శకుడు మాటిచ్చాడు.

మీరావలి నన్ను సంచీలోంచి తీశాడు. దర్శకుడి మొహం పాలిపోయింది. వెనకనున్న అసిస్టెంటు, "బ్యాండువాళ్ళ కోటులా ఉంది సార్" అన్నాడు.

మీరావలి కెమెరామన్ సంగతి చెప్పాడు. వాళ్ళు నమ్మలేదు. చివరికి పానకాలుని సాక్షిగా నిలబెట్టాడు. స్నేహితుడు, పైగా ఆ సినిమాని స్వయంగా ఆడించినవాడు. ఇంతకన్నా గట్టి సాక్షి ఎక్కడ దొరుకుతాడు?

"నలభై మూడుసార్లు ఈ చేత్తో ఆడించా. నల్లకోటు," అన్నాడు పానకాలు.

మీరావలి మెల్లగా అడిగాడు.

"బాబాయ్, ఆ సినిమాలో హీరోయిన్ పెదాలు ఏం రంగు?"

"నలుపే," అన్నాడు పానకాలు. తర్వాత నోరు తెరుచుకునే ఉండిపోయాడు.

అప్పటికే ఆలస్యమైంది. "నిజమే కావచ్చు మీరావలి గారూ. కానీ జనానికి గుర్తున్నది నలుపు," అన్నాడు దర్శకుడు. నా కొలతలన్నీ రాసుకుని, గుండీలు లెక్కపెట్టుకుని వెళ్ళిపోయాడు. కుర్రాడు తెలివైన బేరగాడు. నన్ను వదిలేసి నా ఆకారం పట్టుకెళ్ళాడు.

పానకాలు పది రోజులు కొట్టు గడప తొక్కలేదు. పదకొండో రోజు క్లారినెట్ వాయించే యేసోబుని వెంటబెట్టుకుని వచ్చాడు. సినిమా విడుదల రోజు పానకాలు పనిచేసిన థియేటరు ముందు వాయించేది యేసోబు మేళమే.

"ఈ కోటు ఇతనికివ్వు. బ్యాండోళ్ళ కోట్ల మీద పేర్లు కుడతారుగా. నువ్వూ కుట్టు," అన్నాడు మీరావలి కళ్ళలోకి చూడకుండా.

మీరావలి ఆ రాత్రే బంగారు జరీతో నా ఛాతీ మీద అరచేతంత అక్షరాలు కుట్టాడు.

విడుదల రోజు నలభై అడుగుల కటౌటులో నిహాల్ నా నల్ల తమ్ముణ్ణి తొడుక్కుని నిలబడ్డాడు. కింద యేసోబు ఒంటి మీద నేను. వీధిలో పెద్దవాళ్ళు మార్కండేయరావనీ, నడివయసువాళ్ళు శశికిరణనీ, కుర్రాళ్ళు నిహాలనీ గొంతులు చించుకుంటున్నారు. ఆట మొదలవగానే అభిమానులు మేళాన్ని లోపలికి లాక్కుపోయి తెర ముందున్న అరుగు ఎక్కించారు. ఎక్కడ నిలబడాలో యేసోబుకి పానకాలు ముందే చూపించాడు. ప్రొజెక్టరు వెలుగు ఎక్కడ పడుతుందో ఆయనకి తెలియకపోతే ఇంకెవరికి తెలుస్తుంది?

టైటిల్స్ మొదలయ్యాయి. వెలుగు నా మీద పడింది. 'ఖాసిం, టైలర్' అని జరీ అక్షరాలు మెరిశాయి. మూడో వరసలో మీరావలి లేచి నిలబడ్డాడు. పక్కన పానకాలు కూర్చునే ఉన్నాడు, రెండు చేతులూ మోకాళ్ళ మీద పెట్టుకుని, రీలు తెగకూడదని చూసేవాడిలా.

ఇంతలో వెనక నుంచి ఎవడో అరిచాడు: "ఓ బ్యాండు కోటూ, పక్కకి జరగవయ్యా. కోటు కనపడట్లే."

యేసోబు జరిగాడు. నేనూ జరిగాను. అప్పటికి మా పని అయిపోయింది.