గవర్రాజు బరువు

నేను ఒక ఇసుక బస్తాను. నవ్వకండి. మీలో ఎవరికీ దక్కని మర్యాద నాకు దక్కింది. ఒక మనిషికి బదులుగా నిలబడ్డాను.

గోనెసంచిగా పుట్టి, రైసుమిల్లు నుంచి బియ్యం మోసుకుంటూ జైలు వంటశాలకు వచ్చాను. బియ్యం అయిపోయాక నన్ను దులిపి, గోదావరి ఇసుక నింపి, మూతి కుట్టేశారు. ఉరి తీసేముందు ఆ మనిషి బరువుకు తగ్గ బస్తాను వేలాడదీసి తాడును పరీక్షించడం అక్కడి పద్ధతి. నా మనిషి గవర్రాజు. పొలానికి నీళ్లు మళ్లించే దగ్గర తగాదా వచ్చి, సొంత తమ్ముణ్ణీ, అడ్డొచ్చిన మరదల్నీ, ఆమె చంకలో బిడ్డనూ నరికేశాడు. క్షమించమని పెట్టుకున్న అర్జీ తిరిగొచ్చింది.

తూకం వేసిన రోజు వాడు, "మా తమ్ముణ్ణి ఈ బుజాల మీదే మోసి పెంచానండి," అన్నాడు. జైలు డాక్టరు తూకం ముల్లు వంక చూస్తున్నాడు. నాకు మాత్రం లోపలి ఇసుకంతా కదిలినట్టయింది. చచ్చిన ఆ ముగ్గురి బరువూ ఎవరు తూచారు?

అంతలో వాడికి పచ్చకామెర్లు వచ్చాయి. జబ్బు మనిషిని ఉరి తీయకూడదట! తేదీ వాయిదా వేసి, డాక్టరు పొద్దునా సాయంత్రం వచ్చి సొంత బిడ్డను చూసుకున్నట్టు చూసుకున్నాడు. వాడు చిక్కిపోయాడు, నాలోంచి ఇసుక తీశారు. ఎవరి తెలివో గానీ, నన్ను వాడి గది ఎదుటి వరండాలోనే ఉంచారు. కోలుకుంటే ఏమవుతుందో వాడికి తెలుసు. కంచం తోసేశాడు.

వార్డరు సత్తెయ్య ఇంటి నుంచి మజ్జిగ తెచ్చి బతిమాలాడు. "ఒరేయ్, రెండు ముద్దలు తినరా. తినకపోతే సచ్చిపోతావురా!"

అనేసి నాలుక కరుచుకున్నాడు. గవర్రాజు తలెత్తి అతని మొహంలోకి చూశాడు.

"నేను బతకాలన్నోరు మీరొక్కరేనండి," అంటూ కంచం దగ్గరికి లాక్కున్నాడు.

తినకురా అని అరవాలనిపించింది. వెంటనే ఆ చంకబిడ్డ గుర్తొచ్చింది. ఎటూ తేల్చుకోలేక కుతకుతలాడిపోయాను.

వాడు తిన్నాడు. ఒళ్లు పట్టింది. "ఇప్పుడు నిక్షేపంలా ఉన్నాడు," అన్నాడు డాక్టరు, కాస్త గర్వంగానే. తీసిన ఇసుక మళ్లీ పోశారు. మూతి కుట్టింది సత్తెయ్యే. ముందు నన్ను ఉరితాడుకు కట్టి పడేశారు. తాడు తెగలేదు. మర్నాడు వాణ్ణి.

ఆ తర్వాత సత్తెయ్య నన్ను భుజానికెత్తుకుని స్టోరు గుమాస్తా దగ్గరికి తీసుకెళ్లాడు.

"ఈ ఇసుక గోదాట్లో కలిపేసొత్తానండి."

"ఎందుకయ్యా? ఉండనీ. ఇంకోడొస్తే కాస్త తీయడమో, కలపడమో చేసుకుంటే సరిపోద్ది."

సత్తెయ్య నన్ను మెల్లగా దించి, గోడకు ఆనించి వెళ్లిపోయాడు.

నాలో ఇంకా గవర్రాజు బరువే ఉంది. తలుపు చప్పుడైతే చాలు, హడలిపోతున్నాను.