గొర్రె ఏం చేసింది?

ఇస్త్రీ బల్ల దగ్గర ఆవిడను మించినవాళ్ళు ఆ లాండ్రీలో లేరు. చొక్కా చేతికొస్తే ముందు కాలరు, తరవాత భుజాలు, తరవాత చేతులు, ఆఖరున ఒళ్ళు. ఆ వరస తప్పితే ఆవిడకు తిన్నది ఒంటబట్టదు. ప్రార్థన కూడా ఇలాగే వరసలో చేసేది. ముందు పాస్టరుగారి కుటుంబం, తరవాత జబ్బుపడ్డవాళ్ళు, తరవాత లాండ్రీలో పనివాళ్ళు, ఆఖరున కొడుకూ కోడలూ. తన దాకా వచ్చేసరికి మాత్రం ప్రార్థన కాస్తా మేనేజరుకు పని లెక్క ఒప్పజెప్పినట్టు మారిపోయేది. "ప్రభువా, ఇవాళ సంఘంలో కుర్చీలు వేశాను. ఆ బాలింతను చూసొచ్చాను. రెండో షిఫ్టు కూడా చేశాను." అంతే, ఆమెన్. తనకోసం ఫలానాది కావాలని అడిగిన పాపాన పోలేదు.

పాపం, ఆవిడనని ఏం లాభం! ఊహ తెలియకముందే తల్లి పోతే పిన్ని ఇంట్లో పెరిగింది. ఆ ఇంట్లో కంచం ముందు కూర్చోగానే పిన్ని అడిగే మొదటి మాట, "ఇవాళ ఏం పని చేశావ్?" జవాబు బాగుంటేనే కంచం నిండేది. దేవుణ్ణి నమ్ముకున్నాక ఆవిడ పాటలు నేర్చుకుంది, వాక్యాలు కంఠతా పట్టింది, ఊళ్ళో కష్టాలన్నీ మోకాళ్ళ మీద మోసింది. కానీ ఆ పిన్ని ప్రశ్న మాత్రం ఆవిడ వెంటే గుడిలోకి కూడా వచ్చి కూర్చుంది.

శుక్రవారం సాయంత్రాలు ఆడవాళ్ళ కూడిక ఉండేది. అందులో పాస్టరమ్మ ఒక పద్ధతి పెట్టింది. వాక్యంలో "నువ్వు", "నిన్ను" అని వచ్చిన చోటల్లా పక్కన కూర్చున్న మనిషి పేరు పెట్టి చదవాలి. దేవుడు ఎవరితోనో కాదు, నీతోనే మాట్లాడుతున్నాడని చెవికెక్కాలంటే ఇదొక్కటే దారి అనేది. ఆవిడ అందరి పేర్లూ పెట్టి, వినేవాళ్ళ కళ్ళు చెమర్చేలా చదివేది. తన వంతు దగ్గరపడితే మాత్రం "టీ చూసొస్తా" అని లేచి వెళ్ళిపోయేది. ఏళ్ళ తరబడి ఆ సంఘంలో ఉన్నా ఆవిడ పేరు పెట్టి ఎవరూ ఒక్క వాక్యం చదవలేదంటే నమ్మండి. టీ మాత్రం ఏనాడూ పొంగిపోలేదు.

అలాంటి మనిషి ఒకరోజు లాండ్రీలో తడి నేల మీద జారిపడింది. కుడి మణికట్టు విరిగింది. గోరుచుట్టు మీద రోకటిపోటులా కళ్ళజోడు కూడా ముక్కలైంది. చేతికి పిండికట్టు వేసి ఇంటికి పంపేశారు.

కొడుకు లారీ డ్రైవరు, వారంలో సగం రోజులు రోడ్డు మీదే. ఇంట్లో మిగిలింది కొత్తగా కాపురానికొచ్చిన కోడలు. ఉదయం మందుల షాపులో పని చేసి మధ్యాహ్నానికి ఇల్లు చేరేది. ప్రార్థనలూ వాక్యాలూ ఆ పిల్లకు పెళ్ళయ్యాకే పరిచయం. అత్తగారి వెంట ఒకటి రెండు శుక్రవారాలు కూడికకు వెళ్ళిందంతే.

"ఇలా కూర్చోండత్తయ్యా, జడ వేస్తాను."

"నీ పని చూసుకోవే తల్లీ. నా జడ నేనేసుకోలేనా?"

"ఒంటి చేత్తోనా? ఏదీ, వేసుకోండి చూద్దాం."

ఆవిడ వేసుకోలేకపోయింది. దువ్వెన కింద పడింది. కోడలు దాన్ని తీసి, చిక్కులు తీయడం మొదలుపెట్టింది. తన తల మీద ఇంకొకరి చెయ్యి పడి ఎంత కాలమైందో ఆవిడకు గుర్తు రాలేదు. హాయిగా ఉంది, అదే భయంగా కూడా ఉంది.

"కూర్చుని తింటే కొండలైనా కరుగుతాయి. కొన్నాళ్ళు మా పిన్ని కూతురి ఇంటికి పోతానే. నీకీ చాకిరీ ఎందుకు?"

"అక్కడ మాత్రం జడ వేయరా ఏంటి? కదలకండి, పాపిడి వంకర పోతోంది."

భోజనాలయ్యాక ఆవిడకు తోచేది కాదు. కళ్ళజోడు లేక చదువుకోలేకపోయేది. చేసిన పని లేక ప్రార్థనలో చెప్పుకోవడానికీ ఏమీ లేదు. దేవుడి ముందు కూడా ఖాళీ చేతులతో నిలబడ్డట్టయింది. చివరికి కోడలి చేతికి బైబిల్ ఇచ్చి, గుర్తు పెట్టుకున్న పేజీ చదవమంది.

కోడలు వేలు పెట్టి, కూడబలుక్కుంటూ చదివింది. "తల్లి తన చంటిబిడ్డను మరచిపోతుందా? ఒకవేళ ఆమె మరచిపోయినా, నేను... అత్తయ్యను మరచిపోను."

"ఏమన్నావ్?"

"పక్కనున్నవాళ్ళ పేరు పెట్టి చదవాలన్నారుగా పాస్టరమ్మగారు. మీ పేరు నా నోటితో ఎలా అంటానత్తయ్యా?"

"ఓసి పిచ్చిదానా! దేవుడికి నేను అత్తయ్యనా?"

ఆవిడ నవ్వింది. కట్టు కట్టిన చెయ్యి అదిరేలా నవ్వింది. నవ్వుతూ నవ్వుతూ మధ్యలో ఆగిపోయింది. ఎడమ చేత్తో పైటకొంగు కళ్ళకద్దుకుంది. ఎంతమందికో చేరవేసిన మాట మొదటిసారి తన చిరునామా వెతుక్కుంటూ వచ్చింది. కోడలు కంగారుగా మంచినీళ్ళు తేబోతే చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టింది.

"మళ్ళీ చదువు."

కోడలు మళ్ళీ చదివింది. అత్తయ్యను మరచిపోనన్నాడు దేవుడు, రెండోసారి కూడా.

అలాగని ఒక్క మధ్యాహ్నంలో మనసు మారిపోతుందా? మర్నాడే ఆవిడ పేచీ మొదలుపెట్టింది. అది అప్పటి జనానికి చెప్పిన మాటనీ, అందులో తనలాంటివాళ్ళు లెక్కకు రారనీ. కోడలికి వాదించడం చేతకాదు. రోజూ కూర్చుని, రోజూ అత్తయ్య అని పెట్టి చదువుకుంటూ పోయేది. లోయలో నడిచినా అత్తయ్యకు తోడుంటానన్నాడు. అత్తయ్య తల వెంట్రుకలు కూడా లెక్కలో ఉన్నాయన్నాడు. "నిన్న నా దువ్వెనకు ఊడినవి కూడానా?" అని కోడలు అడిగితే ఆవిడ మూతి తిప్పింది గానీ, ఆ రాత్రి ప్రార్థనలో వరస మరిచిపోయి ముందు తన మాటే చెప్పుకుంది.

ఒకరోజు తప్పిపోయిన గొర్రె కథ వచ్చింది. ఆదివారం బడి పిల్లలకు ఆవిడ నేర్పే కథే అది. కాపరి మందనంతా వదిలి ఒక్క గొర్రె కోసం వెళ్ళి, భుజాల మీద వేసుకుని, సంబరపడుతూ ఇంటికొచ్చాడు. చదవడం ఆపి కోడలు అడిగింది.

"ఇందులో గొర్రె ఏం చేసిందత్తయ్యా?"

"ఏం చేస్తుంది? తప్పిపోయింది."

"అంతేనా? ఇంకేమీ చెయ్యలేదా?"

"అంతేనే. గొర్రె ఏం చేస్తుంది!"

అని, తను అన్న మాట తనకే వినపడినట్టు ఆవిడ బైబిల్ దగ్గరకు లాక్కుని, కళ్ళజోడు లేకపోయినా ఆ పేజీలోకి వంగి చూసింది.

కట్టు విప్పేసరికి మణికట్టు కాస్త వంకరగా అతుక్కుంది, చెయ్యి పూర్తిగా తిరగడం లేదు. బరువు ఎత్తకూడదన్నాడు డాక్టరు. లాండ్రీకి వెళితే, మేనేజరు పాపం మంచివాడే, నేల చూస్తూ చెప్పాడు, ఇక ఇస్త్రీ బల్ల దగ్గరకు రావద్దని. ఆవిడ బల్లను ఒకసారి తడిమి ఇంటికొచ్చేసింది.

గదిలోకి వెళ్ళి మంచం పక్కన మోకరించింది. కళ్ళు మూసుకోగానే అలవాటు కొద్దీ నోటికి అదే మాట వచ్చింది.

"ప్రభువా, ఇవాళ ఏ పనీ చెయ్యలేదు. రేపు కూడా చెయ్యలేను."

చెప్పేసి, పిన్ని గొంతు వినిపిస్తుందని, ఎదురుగా ఉన్న కంచం లాగేసుకుంటారని ఎదురుచూసింది. మధ్యాహ్నపు ఎండ గదిలో పరుచుకుని ఉంది. వంటింట్లో కోడలు గిన్నెలు సర్దుతున్న చప్పుడు. ఎవరూ ఏమీ లాక్కోలేదు. గొర్రె తప్పిపోయింది, అంతే. మోసుకొచ్చినవాడికి అదే చాలింది. ఆవిడకు ఏడుపొచ్చింది. చిన్నప్పుడు పిన్ని చూస్తుందని దాచుకున్నదంతా కలిపి ఏడ్చింది. ఏడుస్తున్నంతసేపూ ఎవరో తనను చూసి ముచ్చటపడుతున్నారన్న ధైర్యం గుండెలో నిలబడే ఉంది. లేచేటప్పటికి మోకాళ్ళు పట్టేశాయి గానీ మనసు తేలికైంది.

ఆ శుక్రవారం కోడలిని వెంటబెట్టుకుని కూడికకు వెళ్ళింది. ఎవరికోసం ప్రార్థించాలో చెప్పమని పాస్టరమ్మ అడిగితే, ఆవిడ వంకరపోయిన చెయ్యి ఎత్తింది.

"నాకోసం చెయ్యండమ్మా."

గదిలో అందరూ తలలు తిప్పి చూశారు.

"అడగందే అమ్మైనా పెట్టదంటారు. ఇన్నాళ్ళకు నోరు విప్పావు వదినా," అంది పాస్టరమ్మ. "ఏమడగమంటావు?"

"అడగకపోతే అమ్మ పెట్టదేమో గానీ, ఆయన పెడుతూనే ఉన్నాడు. నేనే తినకుండా లేచిపోయాను," అంది ఆవిడ. "చెయ్యి సంగతి అడగండి, పని సంగతి అడగండి. వద్దనను. ఇస్తాడో లేదో నాకు తెలీదు. కానీ నేను ఎందుకూ పనికిరాని రోజున కూడా ఆయనకు నేనంటే ప్రాణమని తెలుసు. అది మాత్రం ఎవరో చెప్పగా విన్నది కాదు."

కోడలు ఆ వంకర మణికట్టును తన రెండు చేతుల మధ్యకు తీసుకుంది. ఆడవాళ్ళు దగ్గరకు జరిగి ప్రార్థన మొదలుపెట్టారు. అందరి గొంతులూ ఆవిడకోసమే అడుగుతున్నాయి. ఆవిడ కళ్ళు మూసుకుంది. పరాయి ఇంటి తలుపు తట్టినవాళ్ళు పేరు చెబుతారు, వచ్చిన పని చెబుతారు. సొంతింటి తలుపు దగ్గర అవేమీ అక్కర్లేదు. ఆ గొంతులన్నిటి కింద, తనకూ ఆయనకూ మాత్రమే వినపడేలా, ఆవిడ మెల్లగా అంది.

"నేనే, నాన్నా."