మల్లేశ్వరరావుగారి హెరాల్డు

హెలెన్ ఇరవై ఏడేళ్ళుగా పళ్ళు చేస్తోంది. పటమటలో ఒక మేడ మీద రెండు గదుల ల్యాబు ఆమెది. డాక్టర్లు నోటి అచ్చులు తీసి పంపితే, వాటిని బట్టి మైనంలో పళ్ళు పేర్చి, చిగుళ్ళు చెక్కి, ప్లాస్టర్ మూసలో అక్రిలిక్ నింపి ఉడకబెట్టి, మెరుగుపెట్టి తిరిగి పంపుతుంది. బెజవాడలో ఎన్ని వందలమంది ఆమె చేసిన పళ్ళతో అన్నం తింటున్నారో ఆమెకే తెలీదు. వాళ్ళలో ఒక్కరి ముఖం కూడా ఆమె చూడలేదు. అచ్చులమీద పేర్లు కూడా ఉండవు, నంబర్లే.

మూడేళ్ళ క్రితం తల్లి శౌరమ్మ పోయాక గుణదలలోని ఇంటికి త్వరగా వెళ్ళాల్సిన పని లేకుండా పోయింది. తాళం తీయగానే లోపలి నుంచి "వచ్చావా?" అనే మాట వినపడని ఇల్లు ఎలా ఉంటుందో ఆమెకు ముందు తెలీదు. అందుకని పని అయిపోయినా ల్యాబులోనే కూర్చునేది. ఒక సాయంత్రం మిగిలిన మైనపు ముద్దను ఊరికే గీకుతుంటే అది అంబాసిడర్ కారు ముక్కులా కనిపించింది. వారం తిరిగేసరికి మొత్తం కారైంది. ఆ తర్వాత ఒక ఫియెట్టు, దాని తర్వాత ఒక జీపు. అన్నీ అసలు బండిలో ఇరవై నాలుగో వంతు. పళ్ళకు క్లిప్పులు కట్టే తీగతో బంపర్లు, మెరుగుపెట్టే నల్ల రబ్బరుతో టైర్లు. చూసేవాళ్ళెవరూ లేరు. ఆమె కూడా ఎవరికీ చూపించాలనుకోలేదు.

జూన్‌లో ఒక ఉదయం ఓ పెద్దాయన ఆయాసపడుతూ మెట్లెక్కి వచ్చాడు. తెల్లటి పంచె, భుజాన కండువా. చేతిరుమాలు విప్పి కింది వరస పళ్ళసెట్టు బల్ల మీద పెట్టాడు.

"ఈ పళ్ళు చేసినాయన ఎవరమ్మా?"

"నేనేనండీ."

ఆయన ఒక క్షణం ఆమెను పరకాయించి చూశాడు. "డాక్టరు చుట్టూ మూడుసార్లు తిరిగా. ఆయన అరగదీస్తూనే ఉన్నాడు, ఇది గుచ్చుతూనే ఉంది. ఇహ లాభం లేదని నీ అడ్రసు కనుక్కుని మంగళగిరి నుంచి వచ్చా."

పేషెంట్లను డాక్టరుగారి దగ్గరికే పంపాలి. కానీ ఎండన పడి అంతదూరం వచ్చిన మనిషిని పొమ్మనడానికి నోరు రాలేదు. ఎక్కడ నొక్కుతోందో అడిగి, అచ్చు వెతికి తీసి పోల్చి చూసి, అంచు కాస్త తగ్గించి ఇచ్చింది. ఆయన పెట్టుకుని, దవడ అటూ ఇటూ ఆడించి, నవ్వాడు. తను పేర్చిన పళ్ళు ఒక మనిషి ముఖంలో నవ్వడం హెలెన్ చూడటం అదే మొదలు. ఎందుకో ఆమెకు కళ్ళు చెమర్చాయి. ప్లాస్టర్ దుమ్ము పడినట్టు తుడుచుకుంది.

ఆయన చూపు అలమరలో కార్ల మీద పడింది. "ఇవీ నువ్వేనా?"

"ఏదో ఊసుపోకండీ."

"అన్నీ ఉన్నయ్. హెరాల్డు కారేదీ?"

"నేనెప్పుడూ చూళ్ళేదండీ."

"మా ఇంట్లో ఉంది. వచ్చి చూడు. ఆదివారం రా. మల్లేశ్వరరావు చీరల కొట్టంటే ఎవరైనా చెప్తారు."

ఆ ఆదివారం చర్చిలో పూజ అయ్యాక హెలెన్ ఇంటికి వెళ్ళకుండా బస్టాండుకు వెళ్ళింది. వారధి దాటుతున్నప్పుడు, తను ఒకరింటికి బయల్దేరి ఎన్నాళ్ళైందా అని లెక్కవేసుకోబోయి మానేసింది.

కొట్టు వెనక ఇంటి పక్కన రేకుల షెడ్డులో ఉంది స్టాండర్డ్ హెరాల్డు. అరవై తొమ్మిదిలో కొన్న బండి. టైర్లు నేలకంటుకుపోయాయి, పాదాలు పెట్టేచోట తుప్పు తిని కింది నేల కనిపిస్తోంది. కానీ లేతాకుపచ్చ రంగు అక్కడక్కడా ఇంకా మెరుస్తూనే ఉంది. మల్లేశ్వరరావు రెండు పక్కలా ఉన్న గడియలు తీసి బానెట్టును పట్టి లేపాడు. మడ్‌గార్డులతో సహా ముందు భాగమంతా మొసలి నోరు తెరిచినట్టు ముందుకు వాలింది. వెనక సీటు తీసేసి చెక్కబల్లలు కొట్టించాడు, చీరల మూటల కోసం. ముందు సీట్లకు తన మగ్గాల మీద నేసిన గుడ్డే కుట్టించాడు, అంచు జరీతో సహా.

ఆయన వెళ్ళి ఎడమవైపు సీట్లో కూర్చున్నాడు. ఆమెను డ్రైవరు సీట్లో కూర్చోమన్నాడు.

"తోలింది మీరు కదండీ?"

"ఇది మా భద్రమ్మ సీటు. నేను తోలుతుంటే గుంటూరు దాకా ఇక్కడ కూర్చుని తిట్టేది, మెల్లగా పొమ్మని. ఆవిడ పోయింతర్వాత నేనిటు మారా."

రోజూ మధ్యాహ్నం భోజనం కాగానే ఆయన ఆ సీట్లోకి వచ్చి కూర్చుంటాడట. కొడుకు దేవేంద్ర, కోడలు రాజేశ్వరి కొట్టు చూసుకుంటారు. ఇంటినిండా మనుషులే. అయినా ఆయనకు ఊపిరాడేది అక్కడేనట.

అలా మొదలైంది. ప్రతి ఆదివారం ఆమె టేపు, నోటుబుక్కు పట్టుకుని వెళ్ళేది. ఒక వారం తలుపుల కొలతలు, ఒక వారం అద్దాల వంపులు. కొలతలు గంటలో అయ్యేవి. తర్వాత ఇద్దరూ ముందు సీట్లలో కూర్చుని ఎదురుగా ఉన్న గోడను చూస్తూ మాట్లాడుకునేవారు. రెండో నెలకు ఆయన 'బాబాయిగారు' అయ్యాడు. తల్లి చివరి రోజుల్లో తనను పోల్చుకోలేక నర్సు అనుకుందని హెలెన్ ఎవరికీ చెప్పలేదు. ఆ గోడను చూస్తూ ఆయనకు చెప్పింది. ఆయన ఓదార్చలేదు. "నర్సనుకుని కూడా ప్రేమగానే చూసిందా?" అన్నాడు. చూసిందని చెప్పింది.

పటమటలో ఆరున్నర అంగుళాల హెరాల్డు తయారవుతోంది. పైకప్పు వంపు కుదరక నాలుగు మైనం నమూనాలు కరిగించేసింది. బానెట్టు ముందుకు వాలేలా సూదంత మడతబందు చేయడానికి రెండు వారాలు పట్టింది. సీట్ల గుడ్డ కోసం రాజేశ్వరి ఇచ్చిన అంచుముక్క, అంత చిన్న సీటు మీద గోనెపట్టాలా కనిపించింది. దాంట్లోంచి దారం విడిచి దారం లాగేసి పలచన చేస్తే గానీ సీటు మీద గుడ్డలా కూర్చోలేదు. చెక్కబల్లల మీద గోరంత చీరల మూటలు కూడా పెట్టింది.

రంగు వేసే సమయానికి ముసురు పట్టుకుంది. తడిగాలికి రంగు పొంగుతోందని రెండు ఆదివారాలు వెళ్ళకుండా పనిలోనే ఉండిపోయింది. మూడో ఆదివారం కారును దూదిలో పెట్టి, డబ్బాను ఒళ్ళో ఉంచుకుని బస్సులో వెళ్ళింది.

షెడ్డులో హెరాల్డు లేదు. రెండు స్కూటర్లున్నాయి.

రాజేశ్వరి నవ్వుతూ ఎదురొచ్చింది. "చూశారా హెలెన్ గారూ, ఎంత వెలుతురొచ్చిందో! తేళ్ళు తిరుగుతున్నాయి, తీయించేద్దామంటే రెండేళ్ళుగా వినని మనిషండీ. 'హెలెన్ గారు చేస్తున్నారుగా మామయ్యగారూ, అది షోకేసులో పెట్టుకుందాం, ఈ తుప్పెందుకు?' అన్నా. వెంటనే సరేనన్నారు. అంతా మీ పుణ్యమే!"

హెలెన్ డబ్బాతో ఇంటివైపు నడిచింది. మల్లేశ్వరరావు వరండాలో ప్లాస్టిక్ కుర్చీలో ఉన్నాడు. ఆమె డబ్బా ఆయన చేతిలో పెట్టింది. ఆయన కారును తీసి వెలుగుకు పట్టి చూశాడు. గోటితో బానెట్టు లేపాడు. తలుపు తెరిచి, జరీ అంచు సీట్లు చూసి, మూటలు చూసి, "అమ్మ నీ! మూటలు కూడా పెట్టావే" అన్నాడు. చాలాసేపు చూశాడు. తర్వాత మెల్లగా తలుపు మూశాడు.

"చాలా బాగుందమ్మా. ఏదీ వదిలిపెట్టలేదు." నవ్వబోయాడు. "ఇందులో కూర్చోడానికే లేదు."

"బాబాయిగారూ..."

"నీ తప్పేం లేదమ్మా. వాళ్ళదీ లేదు. అమ్మేయమని నా నోటితోనే అన్నా. చిన్నది చాలనుకున్నా."

తిరుగు ప్రయాణంలో ఆమె ఒళ్ళో ఖాళీ డబ్బా ఉంది. తనకు తెలిసిన ఒకే ఒక్క పని చేసిపెట్టి, ఆయనకున్న ఒకే ఒక్క చోటు లేకుండా చేసింది. ఆ చోటు తనది కూడా అని వారధి మీద బస్సు ఆగిపోయినప్పుడు గానీ ఆమెకు తట్టలేదు.

మర్నాడు పని మానేసి ఆటోనగర్‌కు వెళ్ళింది. పాత ఇనుము కొట్లన్నీ అడుగుతూ పోతే మధ్యాహ్నానికి జాన్‌బాబు అనే ఆయన దొరికాడు.

"హెరాల్డా? పోయిన గురువారమే కోసేశామండీ. ఇనుము లోడైపోయింది."

"సీట్లు?"

"సీట్లెవరుంచుతారండీ? స్పాంజి అంతా పొడైపోయింది. పారేశాం." ఆమె ముఖం చూసి గొంతు తగ్గించాడు. "మీ బండాండీ?"

"కాదు" అంది. 

తర్వాతి మూడు ఆదివారాలు ఆమె మంగళగిరి వెళ్ళలేదు. ఏం కొలవడానికి వెళ్తుంది? చర్చి నుంచి ఇంటికొచ్చి, ఇంత వండుకుని తిని, పడుకునేది. నిద్ర పట్టేది కాదు. కొత్త కారేదీ మొదలుపెట్టలేదు. మైనం ముట్టుకుంటే పళ్ళే చేసేది.

నాలుగో శనివారం ఫోను మోగింది. మల్లేశ్వరరావు ఫోనులో అరుస్తాడు, చెవి సరిగ్గా వినపడదు.

"ఏమ్మా, కనపడటం మానేశావ్?"

"పనేమీ లేదు కదండీ, బాబాయిగారూ."

"ఏంటీ?"

"పనేమీ లేదు కదా అని!" ఆమె కూడా అరిచింది. ఖాళీ ల్యాబులో తన గొంతు తనకే కొత్తగా వినిపించింది.

"పనుంటేనే వస్తావా?" అన్నాడాయన.  

మర్నాడు వెళ్ళింది. కొట్లో అద్దాల అలమరలో చిన్న హెరాల్డును ఎవరో కొనుగోలుదార్లు వంగి చూస్తున్నారు. రాజేశ్వరి గర్వంగా చెబుతోంది. వరండాలో ఆయనకు ఎదురుగా ఇంకో కుర్చీ వేశారు. ఎదురెదురుగా కూర్చుంటే ఇద్దరికీ మాటలు రాలేదు. ముసురు తగ్గిందన్నాడు. తగ్గిందంది. పళ్ళు బాగున్నాయా అంది. బాగున్నాయన్నాడు. రాజేశ్వరి తెచ్చిన టీలు తాగారు. చెప్పుకోవాల్సింది పావుగంటలో అయిపోయింది.

ఆయన కళ్ళు మూతలుపడ్డాయి. గడ్డం ఛాతీ మీదికి వాలింది, కండువా జారింది. ఇక లేచి వెళ్ళిపోవచ్చు, రెండు గంటల బస్సు అందుతుంది. హెలెన్ లేవలేదు. కండువా తీసి ఆయన భుజాన వేసి, ఆయన లేచేదాకా అక్కడే కూర్చుంది. లేచి చూసి, "ఇంకా ఉన్నావా?" అన్నాడు.

"ఉన్నానండీ" అంది.

పై ఆదివారం కూడా వెళ్ళింది.