విన్నాం సార్

సీనియరమ్మ ఒక చేత్తో బన్ను, ఇంకో చేత్తో తెల్లకోటు పట్టుకుని ఆస్పత్రి మెట్లెక్కుతోంది. నోట్లో బన్ను, బుర్రలో గుండె కవాటాల పేర్లు, రెండింటినీ కలిపి నములుతోంది. మింగుడుపడుతున్నది మాత్రం బన్నొక్కటే.

ఆ పేరు అమ్మానాన్నలు పెట్టింది కాదు. కిందటేడు ప్రాక్టికల్ పరీక్ష తప్పి తన తరవాతి బ్యాచీలో పడింది గనక, ఆ పిల్లలు గౌరవంగా పెట్టుకున్న పేరు. ఆ గౌరవంలో ఎంత గిల్లుడుందో వాళ్ళకీ తెలుసు, ఆమెకీ తెలుసు. నిన్నమొన్నటిదాకా పక్కన కూర్చుని ఆమె నోట్సు చూసి రాసుకున్న స్నేహితురాళ్ళు ఇప్పుడు హౌస్ సర్జన్లయ్యారు. "ఏమే, ఆ మూల బెడ్డు రక్తం ల్యాబులో ఇచ్చిరావే, ప్లీజ్" అని పురమాయిస్తారు. ఇచ్చివస్తుంది. గోరుచుట్టు మీద రోకటిపోటు అంటారే, అది ఆమెకి రోజూ అలవాటైన పోటే.

జేబులో ఫోను గింజుకుంది. మేనత్త. మాట కాదు, ఫోటో. బారెడు చాపిన నాలుక. కింద "మధ్యలో తెల్లగా ఉంది, భయపడాలా?" అని ప్రశ్న. బన్ను తినేవేళకి సరిగ్గా పంపుతుంది మహాతల్లి. చుట్టాల లెక్కలో సీనియరమ్మ ఎప్పుడో డాక్టరైపోయింది. పరీక్ష తప్పిన సంగతి అమ్మ కడుపులో దాచుకుని, "కోర్సుని ఓ ఏడాది పెంచారట వదినా" అని అందరికీ చెప్పేసింది. "ఈసారి గట్టెక్కవే తల్లీ. ఇంకో ఏడాది పెంచారంటే నమ్మడానికి మీ అత్తేం వెర్రిది కాదు" అని నిన్న ఫోన్లో బతిమాలింది. పరీక్ష రేపే.

అసలు ఎందుకు తప్పిందో చెప్పాలి. వార్డులో పాఠమంటే ఇలా ఉంటుంది. మంచం చుట్టూ పిల్లలు మూగుతారు. సారు రోగి గుండె మీద స్టెతస్కోపు పెట్టి, "ఇదిగో, ఇక్కడ. కొట్టుకోవడానికీ కొట్టుకోవడానికీ మధ్య గుర్రుమని సన్నటి చప్పుడు. వినండి" అంటారు. ఒక్కొక్కరే వంగి వింటారు. మొదటివాడు తలూపుతాడు. వాడు ఊపాడు గనక రెండోవాడూ ఊపుతాడు. చివర్లో "విన్నారా?" అంటే గొర్రెల మందలా అందరిదీ ఒకటే గొంతు: "విన్నాం సార్." నిజంగా విన్నవాళ్ళు ఇద్దరో ముగ్గురో. మిగతావన్నీ ఊగడం నేర్చుకున్న మెడలే. వినపడలేదంటే సారు తిడతారు, వెనకాల క్యూ విసుక్కుంటుంది, చొక్కా విప్పి పడుకున్న రోగి చలికి వణుకుతాడు. ఊపేస్తే ఎవరికీ ఏ బాధా లేదు కదా!

సీనియరమ్మ ఇన్నేళ్ళూ ఊపింది. గుండె లబ్ డబ్ అని కొట్టుకోవడం ఆమెకి శుభ్రంగా వినపడేది. ఆ మధ్యలో నక్కిన చప్పుడు మాత్రం ఒక్కనాడూ చెవిన పడలేదు. కిందటేడు పరీక్షలో ఒక పెద్దాయన గుండె విని, వినపడని చప్పుణ్ణి పుస్తకంలో ఉన్నట్టు పొల్లుపోకుండా అప్పజెప్పింది. పరీక్ష చేసేవాడు ఓపిగ్గా అంతా విని, "అమ్మా, ఈయన వచ్చింది కాలేయం జబ్బుతో. గుండె గుండ్రాయిలా ఉంది" అన్నాడు. నవ్వనైనా నవ్వలేదు, అదే ఆమెకి ఇప్పటికీ బాధ.

వార్డులో కిటికీ పక్క మంచం కాలర్ల పెద్దమ్మది. బట్టల ఫ్యాక్టరీలో వయసంతా చొక్కాలకి కాలర్లు కుట్టింది. చొక్కాలో మిగతా భాగాలు ఎవరెలా కుట్టారో ఆమెకి పట్టదు, కాలరొక్కటే ఆమె లోకం. బక్కపలచటి మనిషి. మెడ కింద ఎముకల మధ్య గుంటల్లో నీళ్ళు పోస్తే నిలిచేలా ఉంటాయి. చూపుడువేలి కొన సూదిపోట్లకి గట్టిపడి, తాకితే చెక్కలా ఉంటుంది. ఏ డాక్టరొచ్చినా ముందు కాలరు చూస్తుంది. సీనియరమ్మ కోటు మొదటిసారి చూసినప్పుడు, "ఇది కుట్టినవాడెవడే పిల్లా? వాడికి మెడంటూ ఉందా?" అని అడిగింది. ఆ రోజునుంచీ ఇద్దరికీ జత కుదిరింది. పెద్దమ్మ పెళ్ళి చేసుకోలేదు. మొగుడు పోయిన చెల్లెలితో కలిసి ఉంటుంది. ఇద్దరూ పొద్దున లేస్తే పిల్లీ ఎలకా. ఒకరు లేకపోతే ఇంకొకరికి ముద్ద దిగదు.

ఆవేళ రౌండ్స్‌లో పెద్ద డాక్టరు ఆమె కాళ్ళు నొక్కి చూసి, "వాపు పోయింది, ఆయాసమూ తగ్గింది. ఇంక ఇంటికెళ్ళొచ్చు" అన్నాడు. ఆ మాటతో పెద్దమ్మ మొహం విచ్చుకుంది. "మా చెల్లి బండి మాట్లాడుకుని వస్తోంది బాబూ. నిన్ననే దుప్పట్లుతికిందట. ఈ మంచం మీద పడుకుంటే ఊరంతా నా వీపు మీదే నడిచినట్టుంటుంది" అని చెప్పింది.

పెద్ద డాక్టరు ముందుకెళ్ళగానే, పిల్లలకి పాఠాలు చెప్పే అసిస్టెంటు సారు సీనియరమ్మని పక్కకి పిలిచాడు.

"రేపు పరీక్షకి ఆ గుండె కావాలి. అలాంటి చప్పుడు మళ్ళీ దొరకదు. రేపు మధ్యాహ్నం దాకా ఉండమని నువ్వు చెప్పు. నీ మాట కాదనదు."

"వాళ్ళ చెల్లెలు వస్తున్నారట సార్..."

"ఒక్కరోజే కదమ్మా! సాయంత్రం ఆవిడ దగ్గరే క్లాసు పెడతాను, అందరూ తీరిగ్గా వినొచ్చు. రేపు ఆ బెడ్డు నీకే పడొచ్చు, ఎవరు చూశారు?"

ఆ చివరి మాటతో ఆమె కాళ్ళు వాటంతటవే కిటికీ వైపు నడిచాయి. ఆశ అలాంటిది మరి.

అప్పటికే చెల్లెలు వచ్చి సంచీ సర్దుతోంది. సీనియరమ్మ మంచం పట్టీ పట్టుకుని, ఉన్న తీపంతా గొంతులోకి తెచ్చుకుంది. "పెద్దమ్మా, రేపు మధ్యాహ్నం దాకా ఉండిపోకూడదూ? నేనే దగ్గరుండి కిందకి దిగబెడతాను."

"ఏం, ఒంట్లో ఇంకా ఏమన్నా మిగిలిందా?" అంది పెద్దమ్మ, కళ్ళలోకి చూస్తూ.

"ఇంకో రోజు ఉంటే మంచిది."

ఎవరికి మంచిదో చెప్పలేదు. పెద్దమ్మ చెల్లెలి వైపు తిరిగింది. "అయితే రేపు రావే."

"రేపా? కింద బండి ఆపి వచ్చాను! నీకు నా దగ్గరకన్నా ఈ ఆస్పత్రే హాయిగా ఉంటే ఇక్కడే కాపురం పెట్టు."

"డాక్టరమ్మ నా మంచికే చెబుతోంది. నీకు నా ప్రాణం ముఖ్యమా, బండివాడు ముఖ్యమా? పో!"

చెల్లెలు సంచీ మంచం మీద పడేసి, వెనక్కి చూడకుండా వెళ్ళిపోయింది. డాక్టరమ్మ అన్న మాట సీనియరమ్మకి అంతకుముందు ఎంత ముద్దుగా ఉండేదో, ఆ పూట అంత చేదుగా తగిలింది.

ఆ తరవాత రోజంతా మామూలు పరుగే. ల్యాబుకి రక్తం, ఎక్స్‌రే గదికి చీటీ, మళ్ళీ ల్యాబుకి రక్తం, ఎందుకంటే మొదటిది గడ్డకట్టిందట, దానికి తిట్లు ఆమెకి. అన్నానికి వెళ్ళేసరికి క్యాంటీన్లో గిన్నెలు కడుగుతున్నారు. చీకటిగదిలో చర్మవ్యాధుల బొమ్మలు చూపిస్తూ పాఠం. సగం క్లాసు కళ్ళు తెరిచే నిద్రపోతోంది, ఈ చదువులో ఆ విద్య అందరికీ ముందే వస్తుంది. పక్కవాడు పుండు బొమ్మ చూస్తూ చిప్స్ తింటున్నాడు. ఆమె మాత్రం నిద్రపోలేదు. వెనక్కి చూడకుండా వెళ్ళిన ఆ చెల్లెలి వీపే కళ్ళముందు మెదులుతోంది. రేపటిదాకా ఏం కొంపలు మునుగుతాయి అని తనకి తాను సర్దిచెప్పుకుంది, కుదరలేదు. అబద్ధమాడింది. కోటు వేసుకుని మరీ ఆడింది.

పాఠం అయ్యీ అవగానే వార్డుకి పరిగెత్తింది. పెద్దమ్మ కూర్చుని దిండుగలీబు అంచు వేళ్ళతో తడుముతోంది.

"పెద్దమ్మా, పొద్దున ఉండమన్నది మీ కోసం కాదు. రేపు మాకు పరీక్ష. మీ గుండె వినిపించాలని ఉండమన్నాం. మీరు ఇవాళే వెళ్ళొచ్చు."

పెద్దమ్మ నవ్వలేదు, ఫరవాలేదనీ అనలేదు.

"ఆ ముక్క పొద్దున్నే చెప్పి ఏడవచ్చుగా! నాకేదో మిగిలిందనుకుని, పగలంతా చేతులు చల్లబడి కూర్చున్నాను. దాన్ని అంతలేసి మాటలని పంపేశాను. నా చెల్లెల్ని!"

"తప్పయిపోయింది పెద్దమ్మా."

"తప్పే. ఫోన్ చెయ్యి దానికి."

సీనియరమ్మ చేసింది. అవతల చెల్లెలు ముందు ఇద్దర్నీ కలిపి తిట్టింది. తరవాత, "అది మనిషా, గాలిపటమా? సరే, వస్తున్నానని చెప్పు. బండి దొరకాలి కదా" అంది. పెద్దమ్మ ఆ మాట విని కాస్త మెత్తబడింది. "వస్తానందా? తిట్టిందా? తిట్టింది కదూ! అయితే కోపం పోయినట్టే" అని వెనక్కి వాలింది.

సాయంత్రం క్లాసుకి పిల్లలు వచ్చారు. వెనకే అసిస్టెంటు సారు. ఆవిడ ఇవాళే వెళ్ళిపోతోందని చెబితే మొహం చిట్లించాడు గానీ, బ్యాచీ ముందు ఏమీ అనలేకపోయాడు. పెద్దమ్మే, "అది వచ్చేలోగా వినండి, పోనీ. ఆ గొట్టాల బిళ్ళలు మాత్రం అరచేతిలో రుద్ది పెట్టండి, మంచుముక్కల్లా ఉంటాయి" అని ఎడమపక్కకి తిరిగి పడుకుంది, కిటికీ వైపు మొహం పెట్టి. కళ్ళు మూసుకుంది.

సారు విని, చోటు చూపించాడు. ఒక్కొక్కరే వంగారు. కళ్ళద్దాల అబ్బాయి విని తలూపాడు. జడపిల్ల విని తలూపింది. మధ్యలో సారు గోడకేసి తిరిగి కవాటం బొమ్మ గాల్లో గీస్తూ వివరిస్తున్నాడు. ఒకరి తరవాత ఒకరు వంగారు, లేచారు, ఊపారు. హాజరు వరసలో చివరిది గనక సీనియరమ్మ చివర నిలబడింది.

"అందరూ విన్నారా?"

"విన్నాం సార్."

ఆమె వంగి, స్టెతస్కోపు బిళ్ళని అరచేతిలో రుద్ది, పెట్టింది. ఏమీ వినపడలేదు. అలవాటైన మెడ అప్పుడే సగం ఊగింది కూడా. ఊగుతూ ఆగిపోయింది. ఆ సన్నటి చప్పుడు వినపడకపోవడం ఆమెకి కొత్త కాదు, కానీ ఇప్పుడు లబ్ లేదు, డబ్ లేదు. బిళ్ళ జరిపింది. మళ్ళీ జరిపింది.

"సార్, నాకేమీ వినపడటం లేదు."

బ్యాచీ కిసుక్కుమంది. సారు కూడా నవ్వాడు. "నీకు ఎప్పుడు వినపడింది గనక!"

"కాదు సార్. అసలేమీ వినపడటం లేదు."

ఆ గొంతుకి నవ్వులు ఆగిపోయాయి. సారు ఒక్క అంగలో వచ్చి మెడ పక్కన వేళ్ళు పెట్టాడు. ఆ తరవాత నర్సులు, తెర, వీపు కింద బల్ల, సూదులు. వంతులవారీగా ఛాతీ నొక్కారు. సీనియరమ్మా నొక్కింది, చేతులు పీకి, చెమట కళ్ళలోకి కారేదాకా. ఎన్నడూ లేనిది, ఎంతగా చెవులు రిక్కించింది ఆ చప్పుడు కోసం! రాలేదు. సారు చివరికి ఆమె భుజం మీద తట్టి, చాలన్నాడు.

తెర బయట పిల్లలు నిలబడ్డారు. కళ్ళద్దాల అబ్బాయి, "నేను విన్నప్పుడు ఉంది. నిజంగా ఉంది" అని ఎవరూ అడక్కుండానే చెబుతున్నాడు. అతని తరవాతి వాళ్ళెవరూ నోరు విప్పలేదు. ఎవరి వంతులో ఆగిందో ఇక ఎవరూ చెప్పలేరు.

అప్పుడే చెల్లెలు వచ్చింది, మెట్లెక్కిన ఆయాసంతో. తెర చూసి, బట్టలు మార్చుకుంటోంది కాబోలు అనుకుంది. "తయారైందా మహారాణి? తొందరగా రమ్మనండి, బండివాడు మళ్ళీ గొణుగుతున్నాడు" అంది సీనియరమ్మతో.

సీనియరమ్మ ఆమె రెండు చేతులూ పట్టుకుంది. చెప్పాలి. చెప్పింది. చెల్లెలు కేకలు పెట్టలేదు. తెర తీసుకుని లోపలికెళ్ళి, "ఏమే, వచ్చానే, బండి తెచ్చానే" అని రెండుసార్లు అంది. అంతే, నేలమీద కూలబడింది.

నడవాలో సారు చేతులు కడుక్కుంటూ నెమ్మదిగా చెప్పాడు. "మనసులో పెట్టుకోకమ్మా. ఆ గుండెకి ఎప్పుడైనా ఇంతే. ఇంటికెళ్ళినా ఇదే జరిగేది."

"ఇంట్లో జరిగేది సార్."

సారు కొళాయి కట్టేశాడు. చేతులు తుడుచుకోవడానికి చాలాసేపు పట్టింది. తరవాత, రేపటికి ఇంకో కేసు చూడాలని చెప్పి వెళ్ళాడు.

పెద్దమ్మని చెల్లెలు తెచ్చిన బండిలో కాదు, ఆస్పత్రి బండిలో పంపారు. సీనియరమ్మ చెప్పినట్టే దగ్గరుండి కిందకి దిగబెట్టింది. పైకొచ్చేసరికి మంచం మీద కొత్త దుప్పటి పరుస్తున్నారు. మేనత్త నుంచి ఇంకో ఫోటో వచ్చి ఉంది. ఆమె ఫోను జేబులో పెట్టేసి, కిటికీ మూద్దామని వెళ్ళింది.

కిటికీ గట్టు మీద, పడుకునేముందు పెద్దమ్మ తీసి పెట్టుకున్నట్టుంది, గాజుగ్లాసులో, నీళ్ళ అడుగున, ఆమె కట్టుడుపళ్ళు.