గీకకూడని కలుపు

బ్లేడు పట్టుకున్నది నేనే. ఈ ఒక్క మాట బయటికి రావడానికి నాకు పదకొండు రోజులు పట్టింది. మామూలుగా నా నోటికి అంత ఓపిక ఉండదు. కుట్టుమిషన్లు బాగుచేసేవాణ్ణి. మిషన్ పాడుచేసినవాళ్ళను నాలుగు తిట్టి గానీ స్క్రూ ముట్టుకోను. నా తప్పు దగ్గరికి వచ్చేసరికి మాత్రం ఆ నోరు పడిపోయింది.

మా బావమరిది ఆరు వారాల శిక్షణకు వేరే ఊరు వెళ్తూ తన ఉప్పునీటి అక్వేరియం నాకు అప్పగించాడు. మా ఆవిడకు ఒక్కడే తమ్ముడు. పెళ్ళి కాలేదు, ప్రాణమంతా ఆ ట్యాంకులోనే పెట్టుకున్నాడు. రాళ్ళు, వాటి మీద పగడాలు, వాటి మధ్య తిరిగే రెండు నారింజరంగు చేపలు. గదిలో కుర్చీ ఒక్కటే ఉంటుంది, అదీ ట్యాంకుకు ఎదురుగా. వెళ్ళేముందు గాజుకు ఒక కాగితం అంటించాడు. మేత ఎంత, నీళ్ళు ఎప్పుడు అని రాసి, చివరి మాటల కింద రెండు గీతలు గీశాడు. "గోధుమరంగు పువ్వులాంటిది మొలిస్తే ముట్టుకోవద్దు. ఫోన్ చెయ్యి."

"ఇంత చిన్న పువ్వుకు నీకు అంత భయమేంట్రా?" అని ఆటపట్టించాను.

"అది పువ్వు కాదు బావా, ఎనిమోన్. జంతువే. మేం కలుపు అంటాం. పక్కనున్న పగడాల్ని కుట్టి చంపేస్తుంది. నువ్వు దాన్ని తెంపావనుకో, తెగిన ప్రతి ముక్కా మళ్ళీ మొలుస్తుంది."

విన్నాను. అర్థం కాలేదని చెప్పుకోవడానికి కూడా లేదు.

పదో రోజున వెనక రాయి మీద కనిపించింది, చిటికెన వేలి గోరంత. "తమ్ముడికి ఫోన్ చెయ్యండి," అంది మా ఆవిడ. "గోరంత దానికి ఫోనా? వాణ్ణి అక్కడ చదువుకోనీ," అన్నాను. అసలు సంగతి అది కాదు. ఇరవై ఏళ్ళుగా చేతిపని మీద బతుకుతున్న నేను, నాకంటే పన్నెండేళ్ళు చిన్నవాణ్ణి అడిగి కాస్త చెత్త తియ్యాలా అని ఉక్రోషం. మోచేతి దాకా చెయ్యి ముంచి బ్లేడుతో గీకాను. తాకగానే అది రాతి రంధ్రంలోకి ముడుచుకుంది. అయినా వదల్లేదు. పొడిపొడిగా లేచి, పంపు తోసే నీళ్ళలో ట్యాంకంతా తిరిగింది. భలే పని చేశానని మా ఆవిడకు చూపించాను కూడా.

రెండు వారాలకు తొమ్మిది మొలిచాయి. వాటినీ గీకాను. ఆ తర్వాత ఇంకో రెండుసార్లు. సిగ్గు మొదలయ్యాక ఫోన్ చెయ్యడం మరీ కష్టం. వాడు తిరిగొచ్చే నాటికి లెక్కపెట్టడం మానేశాను.

వాడు భుజం మీది సంచి కూడా దించకుండా ట్యాంకు ముందు కూలబడ్డాడు. కొత్తగా తెచ్చుకున్న పచ్చ పగడం సగం తెల్లబడి ఉంది.

"బావా, దేన్నైనా గీకావా?"

"నేనెందుకు గీకుతాను?"

అంత తేలిగ్గా వచ్చింది అబద్ధం. వాడు ఇట్టే నమ్మాడు. ఎవరూ గీకకుండా ఇన్ని మొలిచాయంటే ఆ పచ్చ పగడంతోనే వచ్చి ఉండాలని తేల్చాడు. ఆ పగడం ఇచ్చింది కళ్ళజోళ్ళాయన. నలభై ఏళ్ళు కళ్ళద్దాల దుకాణం నడిపి మానేసిన పెద్దమనిషి, మావాడికి ఈ పిచ్చి అంటించిన గురువు. పద్నాలుగేళ్ళుగా పెంచుకుంటున్న పగడం నుంచి ముక్కలు తీసి, అడిగినవాళ్ళకు ఊరికే ఇస్తుంటాడు.

"గురువుగారూ, ఏమీ అనుకోకండి. మీ ట్యాంకులో కలుపు ఉన్నట్టుంది. ఒకసారి చూసుకోండి," అని నా ముందే ఫోన్ చేసి చెప్పాడు.

ఆ మర్నాటి నుంచి రోజూ సాయంత్రం ఇద్దరం కూర్చుని కలుపు చంపాం. ముందు పంపు ఆపాలి. సున్నం ముద్దను సిరంజిలో నింపి, కలుపు ముడుచుకునేలోపు మెల్లగా దాని నోట్లోకి ఎక్కించాలి. గట్టిగా పొడిస్తే దాక్కుంటుంది. వాడు సూది పట్టుకుంటే నేను టార్చి పట్టుకున్నాను. "నువ్వు తోడు లేకపోతే నా వల్ల అయ్యేది కాదు బావా," అన్నాడొకరోజు. నేను టార్చి రెండో చేతిలోకి మార్చుకున్నాను. బరువుగా ఉందన్నాను.

ఇంటికొస్తే మా ఆవిడ కాచుకుని ఉండేది. "బ్లేడు సంగతి వాడికి మీరు చెప్తారా, నన్ను చెప్పమంటారా?"

"నేనే చెప్తాను."

"ఎప్పుడు?"

ఆమె కంచం నా ముందు పెట్టి వెళ్ళిపోయేది.

శుక్రవారం కళ్ళజోళ్ళాయన మావాడికి ఫోన్ చేశాడు. వాడి చేతులు నీళ్ళలో ఉన్నాయి కాబట్టి స్పీకరు పెట్టింది నేనే.

"ఎంత వెతికినా నాకు ఒక్కటీ కనపడట్లేదు నాయనా. కానీ నువ్వు చూడకుండా చెప్పవు. నా చూపే పోయినట్టుంది. అందరికీ అద్దాలు పెట్టినవాణ్ణి, నా సంగతి నాకు తెలియలేదు. ఏడుగురికి ముక్కలిచ్చాను. ఇంకెవరికీ అంటకముందే ఆదివారం మొత్తం తీసేస్తాను."

"తీసెయ్యడమెందుకండీ, సున్నంతో చంపుదాం," అన్నాడు మావాడు.

"కనపడనిదాన్ని ఎలా పొడవనయ్యా?"

నేను పక్కనే ఉన్నాను. నోరు తెరిస్తే చాలు. ఆదివారం పొద్దున్నే వెళ్ళి ముందు ఆయనకే చెప్తానని నాకు నేను నచ్చజెప్పుకున్నాను. తీరా ఆదివారం పొద్దున ఒక మిషన్ విప్పుకుని కూర్చున్నాను. అది ఆ వారంలో ఇవ్వాల్సిన పని కూడా కాదు. పిరికితనానికి ఏదో ఒక పని కావాలి.

చివరికి లేచి కళ్ళజోళ్ళాయన ఇంటికి వెళ్ళాను; ఆయన తలుపు తీసేసరికి పదిన్నర. చొక్కా చేతులు తడిసి ఉన్నాయి. ఆరు గంటలకే మొదలుపెట్టాడట. చేపల్ని ఎవరికో ఇచ్చేశాడు. బాల్కనీలో ఐదు బకెట్ల నిండా మామూలు కుళాయి నీళ్ళు, వాటిలో రాళ్ళు. ఉప్పునీటిలో బతికేవాటికి ఆ నీళ్ళే విషం. మూడో బకెట్లో ఉంది పచ్చ పగడం. దాని పచ్చదనం జిగురుగా నీళ్ళలోకి దిగుతోంది.

"సమయానికి వచ్చావు," అన్నాడు. "నీ కళ్ళు మంచివి. ఆ కలుపు ఎక్కడుందో కాస్త చూపించు. నేను చూడలేకపోయింది ఏంటో తెలుసుకోవాలనుంది." భూతద్దం నా చేతికిచ్చాడు.

ఒక్కో రాయీ తిప్పి చూశాను. నాకే తెలిసిన నిజాన్ని రాళ్ళలో వెతకడం ఎంత నీచమైన పనో అప్పుడు తెలిసింది. ఆయన నా వెనకే నిలబడి ఉన్నాడు.

"లేదండీ."

"సరిగ్గా చూడు."

"ఒక్కటీ లేదు. ఎప్పుడూ లేదు. మావాడి ట్యాంకులో అదంతా నేను చేసిందే. వద్దన్నా బ్లేడుతో గీకాను, నాలుగుసార్లు. వాడు అడిగితే అబద్ధం చెప్పాను."

తిడతాడని నిలబడ్డాను. తిడితే బాగుండేది. ఆయన నా చేతిలోంచి భూతద్దం తీసుకుని మూడో బకెట్ మీదికి వంగాడు.

"అయితే నా చూపు బాగానే ఉందన్నమాట," అన్నాడు.

"బాగానే ఉందండీ."

"మళ్ళీ చెప్పు. ఏమీ లేదు కదా?"

"ఏమీ లేదు."

ఆయన ముఖంలో నిజంగా సంతోషం కనిపించింది. పద్నాలుగేళ్ళ పగడం కాళ్ళ దగ్గర చచ్చిపోతుంటే, ఆ మనిషి నా దగ్గర తీసుకోగలిగింది ఆ ఒక్క మాటే. మూడోసారి కూడా అడిగాడు. చెప్పాను.