వెంట్రుకవాసి

సంగీత పాఠశాల నుంచి ఫోను వచ్చినప్పుడు చిన్నకోడలు ముక్కాలిపీట ఎక్కి కిటికీకి కర్టెన్ తగిలిస్తోంది. నిమ్మపండు రంగు కర్టెన్. పెళ్ళయి రెండు నెలలు కూడా కాలేదు కాబట్టి, ఆ ఇంట్లో తను కొట్టిన మేకును చూసినా ఆమెకు ముద్దొచ్చేది. గ్లాసులో రెండు టూత్‌బ్రష్షులు ఒకదానికొకటి ఆనుకుని నిలబడితే, పొద్దున్నే వాటిని చూసి తనలో తను నవ్వుకునేది.

మొగుడు ఫోను పెట్టేసి గది మధ్యలో అలాగే నిలబడిపోయాడు. పియానోలు శ్రుతి చేయడం అతని వృత్తి. ఎదుటివాళ్ళు మాట్లాడుతుంటే మాట కన్నా గొంతులోని శ్రుతినే ఎక్కువగా వినే మనిషి.

"ఇచ్చారు," అన్నాడు.

"ఏమిచ్చారండీ? సరిగ్గా చెప్పండి, నేను పీట మీదున్నాను."

"ఉద్యోగం. పాఠశాలలో పియానోలన్నీ ఇకనుంచి నేనే చూడాలట."

ఆమె పీట మీంచి దూకింది. కర్టెన్ ఆమెతోపాటే ఊడొచ్చి ఇద్దరి మీదా పడింది. ఆ నిమ్మపండు రంగు చీకట్లో అతని కళ్ళద్దాలు వంకరపోయాయి. అప్పుడే అత్తగారు తడి చేతులతో వంటింట్లోంచి వచ్చింది.

"ఏమిటర్రా, ఇల్లు కూలుస్తున్నారా?"

"అమ్మా, నాకే వచ్చింది."

అత్తగారి మొహం సగం వెలిగి సగంలో ఆగింది. "మంచిది నాన్నా," అంది. "అయితే అన్నయ్యకు రాలేదన్నమాట."

ఉన్నది ఒక్క ఉద్యోగం. అడిగినవాళ్ళు ఇద్దరు, ఇద్దరూ ఆ ఇంటివాళ్ళే. బావగారిదీ అదే వృత్తి. పాఠశాల పెద్దావిడ ముందురోజు అన్నదమ్ములకు చెరో పాత పియానో అప్పగించి శ్రుతి చేయమంది. సాయంత్రం రెండూ వాయించి చూసింది. ఎవరికొచ్చినా మన కంచంలోకే కదా అని బయలుదేరేటప్పుడు బావగారే నవ్వాడు.

ఇప్పుడు ఆయన తన పనిముట్ల తోలు సంచీ పట్టుకుని లోపలికొచ్చాడు. తమ్ముడి భుజం తట్టి, సంచీని అతని చేతికిచ్చాడు.

"ఇది కూడా నువ్వే ఉంచుకో. నాకిక పనిలేదు."

"ఏమిటన్నయ్యా ఇది?"

"నిన్న ఆవిడ మధ్యలో ఒక మెట్టు నొక్కగానే కుక్కపిల్ల ఏడ్చినట్టు ఏడ్చింది. దాన్ని నేనే శ్రుతి చేశాను. విన్నాను, బాగుందనుకున్నాను, లేచి చేతులు కడుక్కున్నాను. అంటే నా చెవులు పోయినట్టే."

"తీగ జారి ఉండొచ్చుగా."

"నాన్న మనకేం నేర్పాడు?"

వాళ్ళ నాన్న నేర్పిన పద్ధతి ఒక్కటే: స్వరం తప్పితే ముందు నీ చెవిని అనుమానించు, ఆ తర్వాతే తీగని. ఆ ఇంట్లో అందరూ అలాగే పెరిగారు. చెవీ తీగా కాక మూడోది, ఎవరిదో చెయ్యి, ఉండొచ్చన్న ఆలోచన వాళ్ళకు కల్లో కూడా రాదు.

"మా మామగారి టైర్ల కొట్లో కూర్చుంటాను," అన్నాడు బావగారు. "అక్కడ చెవులతో పనిలేదు."

బట్టలు మడతపెడుతున్న పెద్దకోడలు తల ఎత్తలేదు. "మా నాన్న అరుపులు వినాలిగా, అక్కడే ఎక్కువ పని వాటికి," అంది. చతురులాడబోయింది గానీ, మడతపెట్టిన చొక్కానే విప్పి మళ్ళీ మడతపెట్టింది.

మూడోది చిన్నకోడలి చెయ్యే.

ముందురోజు మధ్యాహ్నం అన్నదమ్ములకు ఫ్లాస్కులో టీ తీసుకెళ్ళింది. ఇద్దరూ పని ముగించి చేతులు కడుక్కోవడానికి వెళ్ళారు. హాల్లో ఎవరూ లేరు. కిటికీలోంచి పడుతున్న ఎండలో రెండు పియానోలూ కడిగిన ఏనుగుల్లా నిగనిగలాడుతున్నాయి. బావగారి పియానో మూత తెరిచే ఉంది, దాని మీద, తీగలు చుట్టిన మేకుల్ని తిప్పే పిడి ఉంది. ఒక్కో స్వరానికి మూడు తీగలనీ, మేకును వెంట్రుకవాసి తిప్పితే చాలు ఆ మూడూ పోట్లాడుకుంటాయనీ, కిందటి వారమే మొగుడు ఆమె చేతిమీద చెయ్యి వేసి మరీ నేర్పాడు. ఆ పాఠం తల్చుకుని నవ్వుకుంటూ పిడిని ఒక మేకుకు తొడిగింది. వెంట్రుకవాసి తిప్పింది. పిడి తీసి ఉన్నచోటే పెట్టి, కప్పుల్లో టీ పోసింది. అంతే.

ఎందుకు చేసింది? తమ గదిలోకి వెళ్ళి, కర్టెన్ ఒళ్ళో పెట్టుకుని మంచం అంచున కూర్చుంది. నవ్వొచ్చే సంగతేమిటంటే ఆమె చదివింది తత్వశాస్త్రం. చెడు ఎక్కడ పుట్టిందన్న ప్రశ్నకు కాలేజీలో పేజీలకు పేజీలు రాసి క్లాసులో మొదటి మార్కు తెచ్చుకుంది. ఇప్పుడా జవాబుల్ని బట్టల కొట్లో జాకెట్లలా ఒక్కొక్కటీ తొడుక్కుని చూసింది.

చెడు అంటూ వేరే ఏదీ లేదు, వెలుగు లేకపోవడమే చీకటైనట్టు మంచి లేకపోవడమే చెడు అన్నారు కొందరు. కానీ ఆ క్షణాన ఆమె మనసులో మంచి నిండి పొర్లిపోతోంది. అజ్ఞానం వల్ల అన్నారు. మేకు తిప్పితే ఏమవుతుందో ఆమెకు చక్కగా తెలుసు. ఎవడో దుష్టుడు చెవిలో ఊదుతాడన్నారు. అక్కడున్నది టీ ఫ్లాస్కు ఒక్కటే, అది నోరెత్తలేదు. పూర్వజన్మ కర్మ అన్నారు. తను ఎన్నడూ చూడని ఎవరో మనిషి మీదికి నేరం నెట్టెయ్యడం మర్యాదగా అనిపించలేదు. దేవుడు మనిషికి ఇచ్చిన స్వేచ్ఛలోంచే పుట్టిందన్న జవాబు కాస్త సరిపోయేలా కనిపించింది. కానీ స్వేచ్ఛ అంటే కోరుకున్నది చేయడం కదా, తను అది కోరుకోనే లేదే. మొగుడు గెలవాలని కూడా కాదు. అతను ఎలాగూ గెలుస్తాడనే ఆమె ధీమా. బావగారి మీద కోపమా అంటే, కాపురానికొచ్చిన రోజు ఆమె పుస్తకాల పెట్టెలు మూడంతస్తులు మోసిన మనిషి ఆయన.

ఒక్క జాకెట్టూ పట్టలేదు.

మొగుడు గదిలోకి వచ్చి తలుపు దగ్గరగా వేశాడు. "నీ శ్రుతి తప్పింది. ఏమైంది?"

చెప్పింది. అతను ఆమె పక్కన కూర్చోబోయి, కూర్చోకుండా గోడకు ఆనుకున్నాడు.

"ఎందుకు?"

"అదే తెలియట్లేదండీ."

"ఏదో ఒకటి ఉంటుందిగా. నా కోసమా?"

"అలా అనుకుంటే నాకూ సుఖంగానే ఉండేది. కాదు."

అతను చాలాసేపు గోడ గోకుతూ ఉండిపోయాడు. "పియానోలో కూడా ఇలాంటిది ఒకటుంది," అన్నాడు చివరికి. "స్వరాల మధ్య దూరాలన్నీ శుద్ధంగా సరిచేస్తూ పోతే ఆఖర్న కాస్త తేడా మిగిలిపోతుంది. అది ఎవరి తప్పూ కాదు, లెక్కలోనే ఉంది. దాన్ని అన్ని స్వరాలకీ కొంచెం కొంచెం పంచేస్తాం."

"అంటే నాలో ఉన్నది ఆ మిగులేనా?"

"ఏమో. నేను పియానో సంగతి చెప్పాను." అతని గొంతు గరుకుగా ఉంది. "నీ సంగతి నాకు తెలియదు. ఇప్పుడు అస్సలు తెలియట్లేదు."

ఆ మాట ఆమెకు గట్టిగానే తగిలింది. ఇన్నాళ్ళూ అతనికి తను మొత్తం తెలుసనుకుంది. నిజానికి తనకు కూడా తెలియదు.

"బావగారు టైర్ల కొట్టుకి వెళ్ళకూడదు," అంది లేస్తూ. "మీరు కోపంగా ఉన్నా సరే, నాతో రండి."

హాల్లో ముగ్గురూ ఉన్నారు. ఆమె తిన్నగా బావగారి ముందు నిలబడి, ఉపోద్ఘాతం లేకుండా, "నిన్న మీ పియానోలో ఒక మేకు నేను తిప్పాను," అంది.

పెద్దకోడలి చేతిలో చొక్కా అలాగే ఆగిపోయింది. బావగారు మాత్రం ముందుకు వంగాడు.

"ఏ తీగ?"

"మూడిట్లో మధ్యది."

"ఎటు? బిగించావా, వదులు చేశావా?"

"వదులు. వెంట్రుకవాసి."

"మధ్య తీగ, కిందికి," అన్నాడు బావగారు మెల్లగా. "నాకు వినిపించింది కూడా అదే. సరిగ్గా అదే వినిపించింది." ఆయన రెండు చేతులూ చెవుల మీద పెట్టుకున్నాడు, అవి ఉన్నాయో లేదో చూసుకుంటున్నట్టు. మొహమంతా నవ్వు పరుచుకుంది. ఆ తర్వాతే కోపం వచ్చింది, ఆలస్యమైన చుట్టంలా, హడావిడిగా. "రాత్రంతా నేను నిద్రపోలేదు తెలుసా? నీకు నేనేం చేశానమ్మాయ్?"

"ఏమీ చేయలేదు బావగారూ. అదే నాకు అంతుపట్టట్లేదు. చదివినవన్నీ వెతికాను, ఒక్కటీ సరిపోవట్లేదు."

"దిష్టి," అంది అత్తగారు.

"ఎవరి దిష్టి అత్తయ్యా?"

"అది చెప్పగలిగితే దిష్టెందుకవుతుంది. దేవుడు మనుషుల్ని చేసేటప్పుడు ఉప్పు చూసుకోలేదు పిల్లా. ఒకచోట ఎక్కువ పడింది, ఒకచోట అసలే పడలేదు."

"అలాగైతే తప్పు దేవుడిదా?"

"నేనలా అన్నానా? వంట చేసినవాడిని అంటే తినేవాళ్ళు ఊరుకుంటారా?" అంటూనే, తనేమన్నదో తనకే అర్థంకాక అత్తగారు కొడుకుల వైపు చూసింది.

పెద్దకోడలు ఎవరి వైపూ చూడకుండా అంది: "చిన్నప్పుడు మా చెల్లెలి బొమ్మ కాలు విరిచాను. దాన్ని నేను ప్రాణంగా చూసుకునేదాన్ని. చెల్లెల్ని. ఎందుకు విరిచానో ఇప్పటికీ తెలియదు."

"నాకెప్పుడూ చెప్పలేదే," అన్నాడు బావగారు.

"మీరు టైర్ల కొట్టు సంగతి నాకు ముందు చెప్పారా?"

మొగుడు తోలు సంచీ తెచ్చి అన్న కాళ్ళ దగ్గర పెట్టాడు. "ఆవిడకి ఫోన్ చేసి, ఉద్యోగం ఇంకా ఖాయం చేయొద్దంటాను. మనిద్దరి పియానోలూ మళ్ళీ వినాలి."

"ఫోన్లో ఏమని చెప్తావు?" అన్నాడు బావగారు. "మా ఆవిడ చేసిందంటావా?"

"ఆయనెందుకు చెప్పాలి, నేను చెప్తాను," అంది చిన్నకోడలు. "ఎందుకు చేశావని అడిగితే మాత్రం నా దగ్గర జవాబు లేదు. లేదనే చెప్తాను."

మొగుడు మొదటిసారి ఆమె వైపు తిన్నగా చూశాడు. క్షమించినట్టు లేదు, క్షమించనట్టూ లేదు.

బావగారు సంచీ విప్పి పిడి ఉందో లేదో చూసుకున్నాడు. "సరే, వినండి. రేపు పొద్దున్నే పాఠశాల తలుపులు తీయకముందే అందరం వెళ్దాం. అమ్మాయ్, ముందు నువ్వు ఆవిడతో మాట్లాడు. తర్వాత మేమిద్దరం మొదటినుంచీ శ్రుతి చేస్తాం, ఆవిడ విననీ. అప్పటిదాకా నువ్వు గుమ్మం బయట కూర్చో."

"నేను పక్కన కూర్చుంటాను," అంది పెద్దకోడలు. "నావీ అలాంటి చేతులే. ఎవరి చేతులు ఎవరు పట్టుకోవాలో అక్కడే తేల్చుకుంటాం."