మూడో పిలుపు లోపు

కోర్టు హాల్లో కుర్చీ అంచున కూర్చున్న వెల్మా టిప్టన్ నాలుగోసారి వెనక్కి తిరిగి చూసింది. డ్వెయిన్ కెచమ్ జాడ లేదు. ఫోన్ చేస్తే కట్టేసి ఉంది.

గుమాస్తా వాడి పేరు చదివింది. ఎవరూ పలకలేదు. జడ్జి కళ్లజోడు మీంచి వెల్మాని చూశాడు.

"ఏడీ మీవాడు?"

"వచ్చేస్తాడండీ. దార్లో ఉంటాడు."

"పదింటికి హోబర్ట్ గుమ్మంలో నిలబడి పిలుస్తాడు. ఆ లోపు పట్టుకురండి."

ఆ కొండ కౌంటీలో అదే ఆనవాయితీ. ముసలి బంట్రోతు హోబర్ట్ కోర్టు గుమ్మంలోకొచ్చి ఊరంతా వినబడేలా ముద్దాయి పేరు మూడుసార్లు పిలుస్తాడు. మూడో పిలుపుకీ పలక్కపోతే జామీను రద్దు, వారంటు సిద్ధం. రుసుము తీసుకుని ముద్దాయిలకి పూచీ పడడమే వృత్తి అయిన వెల్మా పదిహేను వేల డాలర్లు కౌంటీకి కక్కాలి. కక్కి, వాటిని ఓపల్ ఇల్లమ్మి రాబట్టుకోవాలి.

ఓపల్ డ్వెయిన్ నానమ్మ. మనవడు తాగి బావమరిది ట్రక్కుని గొడ్డలితో నరికి జైల్లో పడ్డప్పుడు, రెండు నెలల కిందట, వెల్మా ఆఫీసుకొచ్చి కూర్చుంది.

"మొత్తం నగదు కౌంటీకి కడితే, కేసయ్యాక తిరిగొస్తుంది పెద్దమ్మా" అని వెల్మా చెప్పింది.

"పదిహేను వేలుంటే నా నోట్లో పళ్లుండేవి కదే. తర్వాతది చెప్పు."

"ఆస్తి పూచీ పెట్టొచ్చు. జామీనుకి రెట్టింపు విలువ చెయ్యాలి."

"ఇల్లు, దొడ్డి, నేను, ముగ్గుర్నీ అమ్మినా అంత రాదు."

"సొంత సంతకం మీద వదలమంటే జడ్జి ఒప్పుకోలేదు. పోయినేడు మీవాడు వాయిదా ఎగ్గొట్టాడు."

"అయితే ఇక నువ్వే గతి."

వెల్మా రుసుము పదో వంతు. పదిహేను వందలు, మళ్లీ తిరిగి రానివి. అవి కట్టి, మిగతాదానికి హామీగా ఓపల్ ఇల్లు రాసిచ్చింది.

వెల్మా ట్రక్కెక్కింది. తొమ్మిదీ ఇరవై. ఓపల్ ఇంటికి రెండు దార్లు. దగ్గరి దారిలో వెల్మా వెళ్లక ఆరేళ్లయింది. ఆ దారిలో పచ్చతలుపుల ఇల్లొకటుంది. ఇలాగే ఒకడు పారిపోతే, వాడి తల్లిని బయటికి పంపి తాళం వేసుకుంది తను. అప్పట్నుంచీ చుట్టుదారే. ఈ రోజు మాత్రం కళ్లు రోడ్డు మీదే పెట్టి, ఆ ఇంటి ముందునుంచే దూసుకుపోయింది.

ఓపల్ వరండాలో చిక్కుడుకాయలు వలుస్తోంది.

"వాడేడి పెద్దమ్మా?"

"ఎనిమిదింటికే వెళ్లాడుగా, ఇస్త్రీ చొక్కా వేసుకుని."

"ఎక్కడికి?"

"ఎక్కడికేంటే, నీ దగ్గరికే! సోమవారం కాదూ?"

వెల్మా వెనక్కి తిరిగి ట్రక్కు వైపు పరిగెత్తింది. ప్రతి సోమవారం తను పూచీ పడిన వాళ్లందరూ ఆఫీసుకొచ్చి సంతకం పెట్టాలి. ఫోన్లు కట్టేసి బుట్టలో వెయ్యాలి. నియమం పెట్టిందీ, దాన్ని పలక మీద పెద్దక్షరాలతో రాసి గోడకి కొట్టిందీ తనే. ఈ పొద్దున ఎనిమిది కాకుండానే తలుపు వారగా వేసి కోర్టుకి పోయిందీ తనే.

మళ్లీ అదే దారి. పచ్చతలుపుల ఇల్లు, చర్చి, ట్రాక్టర్ల కొట్టు. ట్రాక్టరొకటి ముందు నడుస్తోంది. హారన్ కొడితే దాన్ని నడిపేవాడు తీరిగ్గా చెయ్యూపాడు. కోర్టు ముందరి కూడలిలోకి తిరిగేసరికి గడియారం పది కొట్టి ఊరుకుంది.

"డ్వెయిన్ ఎల్మర్ కెచమ్!" హోబర్ట్ గొంతు ఖంగుమంది. అది రెండో పిలుపు.

కోర్టుకి ఎదురుగానే ఆమె ఆఫీసు. తలుపు తోసుకుని లోపలికి పడింది. డ్వెయిన్ తడి తల నున్నగా దువ్వుకుని, మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని బుద్ధిగా కూర్చున్నాడు.

"నీ పేరు వినబళ్లేదురా?"

"వినబడింది మిస్ వెల్మా. రెండుసార్లు." గోడ మీది పలక చూపించాడు. "మీరు వచ్చి చూసేదాకా కదలొద్దని కదా. కోర్టుకి మీరే తీసుకెళ్తారనుకున్నా."

"చూశానురా! పరిగెత్తు!"

గుమ్మంలో హోబర్ట్ మూడోసారికి ఊపిరి పీల్చాడు. రోడ్డు మీద పరిగెడుతున్న ఇద్దర్నీ చూశాడు. చూసి, జేబురుమాలు తీసి తీరుబడిగా ముక్కు చీదుకున్నాడు. అప్పుడు పిలిచాడు.

"ఉన్నానండీ!" నడిరోడ్డు మీంచి కేక.

"ఆ అరుపేదో మొదటిసారే అరిస్తే నా గొంతు మిగిలేది కదరా" అంటూ హోబర్ట్ వాణ్ణి భుజం పట్టుకుని లోపలికి నడిపించాడు.

వెల్మా మెట్ల మీద కూలబడింది. చేతిలో ఫోన్ మోగింది. ఓపల్.

"దొరికాడా?"

"నా ఆఫీసులోనే దొరికాడు పెద్దమ్మా."

"నేను చెప్పలా? నువ్వేది చెప్తే అదే చేస్తాడు వాడు."